పదియేండ్ల పత్రము

మా యింట కారు లేదు. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పు ఉపాధ్యాయుని యింట నుండదగిన స్కూటరొకటి కలదు. పిల్లలు బడికి పోవుటయు, బియ్యపు బస్తా యింటికి చేరుటయు దానిమీదనే. అట్టి నేను కారు ధరలను గూర్చి వ్రాయబూనుట చూచి మీకు నవ్వు రావచ్చును. మావారును నవ్విరి. కాని 2023వ సంవత్సరము అక్టోబరు నెలలో చెల్లెలి పురిటికని సింగపూరునకు వెళ్ళినప్పుడు, కారు కొనుటకు అనుమతి యిచ్చు కాగితమొకటి మా అక్కచెల్లెండ్ర నడుమ వచ్చి కూర్చున్నది. ఆ కథ మీతో చెప్పుకొనినగాని నా మనస్సు తేలికపడదు.

అమ్మ పోయి నాలుగేండ్లయినది. పురిటి మంచము మీదనున్న ఆడపిల్ల కన్నులు ముందుగా వెదకునది తల్లిని. తల్లి లేనప్పుడు అక్కయే వెళ్ళవలెను. పిల్లలను మా అత్తగారికి అప్పగించి, కారప్పొడి, వెల్లుల్లి, వాము, పాతచీరలు మూటగట్టుకొని బయలుదేరితిని. చెల్లెలి కాపురము పండ్రెండవ అంతస్తున. అక్కడి జనులలో అయిదింట నాలుగు వంతుల మంది, ఇంచుమించుగా, ప్రభుత్వము కట్టిన ఇట్టి ఎత్తయిన మేడలలోనే నివసింతురు. కిటికీలోనుండి చూచినచో చెట్ల నడుమ నల్లని రోడ్లు, వాని మీద బస్సులు. ఇంత గొప్ప పట్టణమున కార్ల బారులు మన విజయవాడలో వలె కానరావేమని ఆశ్చర్యపడితిని.

నేను చేరిన మరునాడు బుధవారము, 4వ తేది. సాయంకాలము నాలుగు గంటలకు మా మరిది పరీక్షాఫలితములకై కాచుకొనిన విద్యార్థివలె ఫోను చేతబట్టుకొని కూర్చుండెను. కొంతసేపటికి నిట్టూర్చి, "లక్షా నాలుగు వేలు, వదినగారూ!" అనెను. కారు ధర కాబోలు ననుకొంటిని. "కారు ధర కాదండీ, కారు కొనుక్కొనుటకు అనుమతి ధర" అని అతడు నవ్వెను. ఆ నవ్వులో సంతోషము లేదు.

అతడు చెప్పగా తెలిసిన సంగతి యిది. ఆ దీవి యంతయు కలిసి సుమారు 735 చదరపు కిలోమీటర్లు. జనము అరువది లక్షలకు చేరువ. ఉన్న నేలలో నూటికి 12 పాళ్ళు రోడ్లకే పోయినది. ఇండ్లకు, బడులకు, చెరువులకు, ఓడరేవులకు మిగిలిన నేలయే దిక్కు. ఇంకను రోడ్లు వేయుటకు చోటు లేదు. కావున కార్లను అదుపుచేయవలె నని అక్కడి ప్రభువులు చాలకాలము క్రిందటనే తలచిరి. 1975వ సంవత్సరము జూను నెలలో, ఉదయపు వేళ నగర మధ్యమునకు వచ్చు కార్లు దినమునకు మూడు డాలర్ల చీటి కొనవలె నని నియమించిరి. అంతటితో చాలక 1990వ సంవత్సరము మే నెల 1వ తేది నుండి బండ్ల సంఖ్యకే కోటా పెట్టిరి.

ఆ కోటా నడుచు తీరు విచిత్రముగ నుండును. కారు కొనదలచినవారు ముందుగా అర్హతా పత్రము సంపాదింపవలెను. దానిని అక్కడ అందరును సి.ఓ.ఈ. అందురు. నెలకు రెండుసార్లు వేలము జరుగును. సోమవారము మధ్యాహ్నము మొదలై బుధవారము సాయంకాలము నాలుగింటికి ముగియును. చిన్నకార్లకొక తరగతి, పెద్దకార్లకొకటి, సరకుబండ్లకు బస్సులకు ఒకటి, మోటారు సైకిళ్ళకొకటి. మోటారు సైకిలు తప్ప ఏ బండికైనను వాడుకొనదగినది మరియొకటి. పాడినవారిలో పై వరుసనున్న వారికి పత్రములు దక్కును. అయితే ఎవరు పాడిన ధర వారు చెల్లించుట లేదు. ఓడిపోయిన వారిలో అందరికంటె ఎక్కువ పాడిన వాని ధరకు ఒక డాలరు కలిపి, గెలిచిన వారందరును అదియే చెల్లింతురు. కారు పత్రపు పాటకు దిగుటకే పదివేల డాలర్లు ముందుగా కట్టవలెను. సామాన్యముగా కార్లమ్మువారే కొనువారి తరపున పాడుదురు.

ఇంతచేసి సంపాదించిన పత్రమునకు ఆయువు పది సంవత్సరములు. పిమ్మట కారును తుక్కుగా నీయవలెను, లేక దేశాంతరమునకు పంపవలెను. అదియు కాదన్నచో నాటి ధరల సగటును మరల చెల్లించి అయిదేండ్లకో పదేండ్లకో గడువు పెంచుకొనవలెను. ఇంజను నున్నగా పలుకుచున్నను, రంగు చెక్కుచెదరకున్నను సరే, కాగితము చచ్చిన నాడే బండియు చచ్చినట్లు.

"ధర ఇంత ఏల?" అంటిని. "పాతవి ఎన్ని పోవునో ఇంచుమించుగా అన్నియే క్రొత్తవి రావలెను" అనెను మరిది. మొదట ఏటేట నూటికి మూడు చొప్పున బండ్లను పెరుగనిచ్చెడివారట. క్రమముగ తగ్గించుచు వచ్చి 2018వ సంవత్సరము ఫిబ్రవరి నుండి కార్లకును, మోటారు సైకిళ్ళకును ఆ పెరుగుదలను సున్న చేసిరి. పదేండ్ల క్రిందట తక్కువ కార్లు పుట్టి యుండుటచేత ఇప్పుడు తక్కువ కార్లు చచ్చుచున్నవి. పాడువారు మాత్రము తగ్గలేదు. 2008వ సంవత్సరము నవంబరులో, లోకమంతటను వ్యాపారములు కుంగిన వేళ, చిన్నకారు పత్రము రెండే రెండు డాలర్లకు దక్కినదట. పదునైదేండ్లలో రెండు డాలర్లు లక్ష దాటినవి! లక్షా నాలుగు వేల డాలర్లనగా మన రూపాయలలో అరువది లక్షల పైమాట. ఆ సొమ్ముతో మన ఊరిలో పది చిన్నకార్లు కొనవచ్చును. ఆ పైని బండి ధర, దానిపై సుంకము, ఆ ధరకు సమానముగనో అంతకు మించియో రిజిస్ట్రేషను రుసుము, అమ్మకపు పన్ను. అన్నియు కలిపిన నాడు సాధారణమైన చిన్నకారు లక్షన్నర డాలర్లు దాటుచుండెను.

ఇంత వినిన పిదప నాకు పుష్పక విమానము తలపునకు వచ్చినది. ఎందరెక్కినను అందులో ఇంకొకరికి చోటుండునని చిన్ననాడు మా తాతగారు రామాయణము చదివించుచు చెప్పెడివారు. అట్టి వాహనము లేని లోకమున ఎవరో యొకరు చోటు లెక్కపెట్టవలసినదే గదా, యని సరిపుచ్చుకొంటిని. పరుల యింటి లెక్కగా నున్నంతవరకు ఏ న్యాయమైనను సులభముగనే మింగుడుపడును.

అయిదారు దినములైన పిదప చెల్లెలు బిడ్డకు పాలిచ్చుచు మెల్లగా కదిపినది. వారు కారు కొనదలచిరి. చిన్న బండియైనచో ధరలో నూటికి 70 పాళ్ళవరకు అప్పు దొరకును, ఏడేండ్లలో తీర్పవలెను. మిగిలిన పాళ్ళు చేతి సొమ్ము పెట్టవలెను. అది నలుబది అయిదు వేల డాలర్లగునట. వారి కడ ముప్పదియైదు వేలు కలవు. తక్కువ పడిన పదివేలకై అది అమ్మ కాసులపేరు అడిగినది.

ఆ కాసులపేరు పదునాలుగు కాసుల బంగారము. అమ్మ దానిని విడదీయనీయక, "ఇది మీ యిద్దరిది. ఎవరికి అక్కర కలిగిన వారు వాడుకొనుడు, రెండవవారు అడ్డు చెప్పకుడు" అని కన్నుమూయుటకు ముందు చెప్పి యుండెను. అది నాటినుండి నా పేర బ్యాంకు లాకరులో నున్నది. నా కూతురునకు పదునొకండవ యేడు.

నేను వెంటనే ధర్మపన్నములు మొదలుపెట్టితిని. "అమ్మమ్మ మెడలోనుండి అమ్మ మెడకు వచ్చిన వస్తువును పదేండ్లలో మాసిపోవు కాగితమునకు మార్చెదవా? గుమ్మము ముందు బస్సున్నది, భూమి క్రింద రైలున్నది. ఇరుగుపొరుగుల కార్లు చూచి ముచ్చటపడుట నీవంటి చదువుకొనినదానికి తగునా?" అని చాల పెద్దగా మాటలాడితిని. అది తలయెత్తలేదు. "అక్కా, నీవు బస్సు చూచితివి. వానలో బస్సును చూడలేదు" అని మాత్రము అనినది.

మూడవనాడు వానను చూచితిని. బిడ్డ మేను పచ్చబారినది. పసికామెర్లేమో, నెత్తురు పరీక్ష చేయించవలె ననిరి. ఆకాశము చిల్లిపడినట్లు వాన. ఫోనులో పిలిచిన బండి ఒకటి వచ్చినది. కాని పసిబిడ్డలకు తగిన ప్రత్యేకాసనము లేనిదే అట్టి ప్రైవేటు బండ్లలో ఎక్కించుకొనరాదని అక్కడి చట్టమట. అతడు క్షమింపుమని చెప్పి వెళ్ళిపోయెను. టాక్సీలకు ఆ నియమము లేదు. కాని ఆ వానలో ఊరందరకును టాక్సీయే కావలెను. నలుబది నిముషములు మేడ క్రింది వసారాలో నిలిచితిమి. బాలెంత కాళ్ళు వణకుచుండెను. చెల్లెలి అత్తగారు మోకాళ్ళ నొప్పితో గోడకానుకొని గొడుగును బిడ్డవైపు వంచి పట్టుకొనిరి. ఎదుటి రోడ్డుపై కార్లు నీటిని చిమ్ముచు పోవుచుండెను. వానిలో ఒక్కొక్కరే కూర్చుండిరి. బిడ్డకు ప్రమాదము లేదని వైద్యులు చెప్పునప్పటికి మా అందరి ప్రాణములు కుదుటబడినవి. కాని నా ధర్మపన్నములు ఆ వసారాలోనే తడిసి పోయినవి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దీవి చిన్నది, కార్లు తక్కువ యుండవలెను. అందులో తప్పు పట్టజాలను. కోటా లేకున్నచో ఆ టాక్సీ వానలోనే గాక ఎండలోను కదలలేకపోవును. కాని ఆ కొద్ది చోటును ఎవరికీయవలె నన్నప్పుడు డబ్బు ఒక్కటే త్రాసులో వేయుచున్నారు. తులాభారమున సత్యభామ బంగారమంతయు చాలలేదు, తులసిదళము చాలినదని మన ఆడవారు పాడుకొందురు. ఈ వేలపు త్రాసులో తులసికి బరువు లేదు. పసిబిడ్డ తల్లి పాడినను, నాలుగవ కారు కొను ధనవంతుడు పాడినను లెక్క ఒక్కటే. 2022వ సంవత్సరమున మోటారు సైకిలు పత్రము కూడ పన్నెండువేల డాలర్లు దాటినదట. ఇంటింటికి అన్నము మోయు కుఱ్ఱవానికి ఆ సైకిలే జీవనము. అవసరమును కొలుచుట కష్టమే. ధనమును లెక్కించుట సులభము. సులభమైనది న్యాయమైనదని చెప్పజాలము.

ఇట్లు ప్రభువుల త్రాసును తప్పు పట్టుచుండగా నా త్రాసు నాకు కనబడినది. చెల్లెలి అక్కరను నేను దేనితో తూచితిని? ఆ కాసులపేరు నా కూతురి పెండ్లినాడు దాని మెడలో నుండవలె నని నాలుగేండ్లుగా నా లోలోపల ఊహ కలదు. అమ్మ మాట మరచితిని గాని ఆ ఊహను మరువలేదు. నేను చెప్పిన నీతులలో సగపాలు నా లోభమే. ఈ మాట వ్రాయుటకు సిగ్గుగా నున్నది. కాని వ్రాయనిచో ఈ కథకు అర్థము లేదు.

మరునాడు ఉదయము కాగితము తీసి, "అమ్మ కాసులపేరును నీ అవసరమునకు వాడుకొనుటకు నాకు పూర్తిగా సమ్మతము" అని వ్రాసి సంతకము చేసి చెల్లెలి చేతికిచ్చితిని. "నా మాట వెనుకకు తీసికొనుచున్నాను. కాని ఒక్క పని చేయుదము. ఈ నెలలో ఎన్నిసార్లు బండి కావలసి వచ్చినదో, ఎంత అయినదో వ్రాసి చూతము" అంటిని. అది నా ముఖము వంక చాలసేపు చూచి, పాల లెక్క వ్రాయు పుస్తకము తెచ్చినది.

లెక్కకు అత్తయ్యగారు కూడ వచ్చి కూర్చుండిరి. ఆసుపత్రికి ఇన్నిమారులు, మోకాళ్ళ వైద్యుని యొద్దకు ఇన్నిమారులు, శనివారము సెరంగూను రోడ్డునందలి శ్రీనివాస పెరుమాళ్ళ కోవెలకు, సంతకు. వాననాటి హెచ్చు ధరలను కూడ కలిపి, రాబోవు నెలలకు పెంచి వేసినను నెలకు అయిదువందల డాలర్లు దాటలేదు. కారు లక్షన్నర యనుకొని నూటయిరువది నెలలకు పంచినచో నెలకు వేయిన్ని రెండువందల యేబది. పెట్రోలు, భీమా, రోడ్డుపన్ను, బండి నిలుపు అద్దె, నగరములో ప్రవేశించినప్పుడెల్ల కట్టు సుంకము, అప్పుపై వడ్డీ వేరు. గడువులోపల తుక్కు చేసినచో కొంత సొమ్ము తిరిగి వచ్చునని మరిది చెప్పెను. దానిని తీసివేసినను రెట్టింపునకు తక్కువ కాలేదు.

"ఇందులో ఒక పద్దు లేదక్కా" అనెను చెల్లెలు. "ఆ నలుబది నిముషములు." నిజమే. ఆ పద్దును కూడ వ్రాసితిని. దాని ఎదుట అంకె వేయ చేతకాలేదు. అప్పుడు అత్తయ్యగారు, "అమ్మాయీ, నా మోకాళ్ళ కొఱకని అబ్బాయి ఈ కారు తలపెట్టినాడు. పదేండ్లకు పత్రము కొనుచున్నాడు. నా పత్రము ఎన్నేండ్లకో ఎవరెరుగుదురు? నా పేర అప్పు చేయవలదని చెప్పుము" అనిరి. తేలికగనే అనిరి గాని మా కందరకును కంట నీరు తిరిగినది.

18వ తేది బుధవారము నాలుగు గంటలకు మరల ఫలితము వచ్చినది. చిన్నకారు పత్రము 1,06,000. పెద్దకారుది లక్షన్నర మీద ఒక డాలరు. ఆనాటికి అంత ధర ఎన్నడును లేదనిరి. మరిది ఫోను బోర్లించి పెట్టి, "ఇప్పటికి వద్దు" అనెను. ఆ మరునాడే బిడ్డకు తగిన ఆసనమొకటి కొని తెచ్చెను. అది ఉన్నచో ఏ ప్రైవేటు బండినైనను పిలువవచ్చును. లక్షన్నర డాలర్ల చిక్కులో కొంత భాగమైనను ఆ చిన్న కుర్చీతో విడిపోయినందుకు మాకు నవ్వు వచ్చినది.

ధరల సంగతి తరువాతయు వినుచునే యున్నాను. 2024వ సంవత్సరము జనవరిలో చిన్నకారు పత్రము అరువదియైదు వేలకు దిగినది. అప్పుడు కొందమా యని వారు మరల ఊగులాడిరి. మరల ఎక్కినది. 2025వ సంవత్సరము ఫిబ్రవరి మొదలు కొన్నేండ్లలో ఇరువదివేల పత్రముల వరకు అదనముగ విడుదల చేయుదు మని ప్రభుత్వము చెప్పినను, ఆ యేడే అక్టోబరులో చిన్నకారు పత్రము లక్షా యిరువది యెనిమిది వేలు దాటినది. చెల్లెలు ఇంతవరకు కారు కొనలేదు. ఎన్నడును కొనదని చెప్పజాలను. రెండవ బిడ్డ కలిగినను, అత్తయ్యగారు అడుగు వేయలేకపోయినను లెక్క మారవచ్చును. మారినప్పుడు అది నన్ను అడుగనక్కరలేదు.

సోదరీమణులారా! మన ఊళ్ళలో కోటా లేదు, వేలము లేదు. సొమ్మున్నవారు కొనుచున్నారు, లేనివారు అప్పుచేసి కొనుచున్నారు. రోడ్డున చోటు మాత్రము నానాటికి తరుగుచున్నది. ఎవరును ధర కట్టనంత మాత్రమున ఆ చోటు ఊరక వచ్చినది కాదు. నడచిపోవు పిల్లలును, ముసలివారును దాని ధర చెల్లించుచున్నారు. కారు కొనునప్పుడు గాని, మరి యే గొప్ప వస్తువు కొనునప్పుడు గాని, పాల పుస్తకము తెచ్చుకొని ఇంటిల్లిపాది కూర్చుండి, ఎన్నిమారులు నిజముగా కావలెనో వ్రాసికొనుడు. అంకెకు లొంగని పద్దును కూడ వ్రాయుడు. ఒకరి అక్కరను తూచునప్పుడు మన ఆశ ఏ తట్టలో కూర్చున్నదో ముందుగా చూచుకొనుడు.

నేను సంతకము చేసిన కాగితమును చెల్లెలు తన పెట్టెలో భద్రపరచుకొనినది. చింపివేయుమనినను చింపలేదు. "అమ్మ మాట నీ చేవ్రాలుతో నున్నది, ఉండనీ" అనినది. ఉండనీ. దానికి పదేండ్ల గడువు లేదు.